నురికాబె ఎదురైతే కర్ర ఎక్కడ తిప్పాలి? – మిజుకి షిగేరు మాంగా చదివే పద్ధతి

జపాన్ చిత్రకారుడు మిజుకి షిగేరు గీసిన మాంగా, అంటే బొమ్మల కథల పుస్తకం, 'గెగెగె నో కితారో'. యోకాయ్ పిల్లాడు కితారో కథలవి. అందులో నాలుగు కథలు చదివి, "ఇందులో భయం ఎక్కడుంది?" అని పక్కన పడేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తప్పు వాళ్లది కాదు. హారర్ అని చెప్పి చేతిలో పెడితే ఇలాగే అవుతుంది.

జపాన్ పల్లెల్లో యోకాయ్ కథలు, అంటే అక్కడి దెయ్యాలు, వింత జీవుల కథలు, చాలావరకు ఒక అనుభవంతో మొదలవుతాయి. రాత్రిపూట ఎవరికో ఏదో వింతగా అనిపిస్తుంది. ఊరు దానికి ఒక పేరు పెడుతుంది, తప్పించుకునే ఉపాయం కూడా చెబుతుంది. మన పొలాల మీద చీకట్లో కదిలే వెలుగు కొరివి దెయ్యం అయినట్టే. బొమ్మ తర్వాతెప్పుడో వస్తుంది, కొన్నిటికి అసలు రాదు. మిజుకిని చదివేటప్పుడు "ఇది ఎంత భయంకరంగా ఉంది" అని కాదు, "ఇది ఏ అనుభవంలోంచి పుట్టింది" అని చూడండి. పుస్తకమే మారిపోతుంది.

(తెరపై: క్యూషూ దీవి మ్యాప్, ఫుకుఓకా తీరం)

నాకు బాగా ఇష్టమైన యోకాయ్ నురికాబె. రాత్రి దారిన నడుస్తుంటే ఉన్నట్టుండి ముందుకు అడుగు పడదు. ఎదురుగా గోడ ఉన్నట్టే ఉంటుంది, ఎటు పోదామన్నా దారి లేదు. జానపద పరిశోధకుడు యానగిటా కునియో 1930ల చివర్లో ఫుకుఓకా ఓంగా తీరం నుంచి దీన్ని నమోదు చేశారు. రాసింది రెండు మూడు వాక్యాలే. అందులో ఒక సంగతి చూడండి: గోడ పైభాగం ఎంత కొట్టినా లాభం లేదట, కర్రతో అడుగుభాగాన్ని ఊడ్చినట్టు తిప్పితే మాయమైపోతుందట!

ఎంత పనికొచ్చే మాట ఇది! చీకట్లో దారి తెలియక బిగుసుకుపోయిన మనిషి ముందు నేల తడుముకోవాలి. కాళ్ల దగ్గర దారి ఉందని కర్రకు తెలిస్తే మనసుకూ తెలుస్తుంది. నాకు అర్థమైంది ఇదీ. భయపెట్టడానికే పుట్టిన కథ అయితే తప్పించుకునే ఉపాయం ఇంత శ్రద్ధగా చెప్పదు కదా.

ఇప్పుడు ఇదే గోడ యుద్ధంలో మిజుకికి ఎదురవుతుంది. మిజుకి 1922లో పుట్టారు, తొత్తోరి ప్రాంతంలోని సకాయిమినాతో అనే రేవు ఊళ్లో పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ను సైనికుడిగా న్యూ బ్రిటన్ దీవికి (ఇప్పటి పాపువా న్యూగినీలో ఉంది), రబౌల్ వైపు పంపారు. అక్కడ మలేరియాతో పడి ఉన్నప్పుడు వైమానిక దాడి జరిగి ఎడమ చెయ్యి పోయింది. ఆ దీవి అడవిలోనే, శత్రువుల నుంచి తప్పించుకుని రాత్రి ఒంటరిగా నడుస్తుంటే దారికి ఏదో అడ్డం వచ్చిందని ఆయన రాశారు. గడ్డకట్టిన తారులా ఉందట. తోసినా కదల్లేదు. అలసిపోయి కాసేపు ఆగి చూస్తే లేదు. తర్వాత యానగిటా వాక్యాలు చదివాక ఆయనకు తట్టింది: అడవిలో తనకు అడ్డం నిలబడింది నురికాబే!

(తెరపై: కితారోలో నురికాబె బొమ్మ)

యానగిటా రాసినదాంట్లో రూపం లేదు. రెండు కళ్లు, పొట్టి కాళ్లు చేతులు ఉన్న బూడిదరంగు గోడ మిజుకి గీసిందే. ఈ రోజు జపాన్‌లో ఏ పిల్లాడిని అడిగినా అదే గీస్తాడు. 2007లో ఎడో కాలపు (17–19 శతాబ్దాల) చిత్రపటం ఒకటి వెలుగులోకి వచ్చింది, అందులో నురికాబె పేరుతో ఉన్నది మూడు కళ్ల జంతువు! రెండూ ఒకటేనా అన్నది ఇంకా వాదనే. కితారో కథల్లో మాత్రం ఆ గోడ కితారో పక్షం, శత్రువుకు అడ్డం నిలబడుతుంది. ప్రాణం మీదకొచ్చిన రాత్రి తనకు అడ్డం వచ్చినదాన్ని మిజుకి పిల్లల నేస్తంగా మార్చారు. నన్ను ఆయనకు కట్టిపడేసింది ఇదే.

పేజీని కూడా అలాగే నెమ్మదిగా చూడాలి. మనుషుల ముఖాలు రెండు గీతల్లో అయిపోతాయి. వెనకాల చెట్టు బెరడు, సమాధి రాళ్లు, పాత ఇంటి చెక్కలు మాత్రం చుక్క చుక్కగా, ఫొటోలా ఉంటాయి. కథ కోసం గబగబా తిప్పేస్తే సగం మాంగా పోయినట్టే.

టైమ్ తక్కువుంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. కితారోను మిజుకి శూన్యంలోంచి పుట్టించలేదు. 1930లలో వీధుల్లో బొమ్మల అట్టలు చూపిస్తూ చెప్పిన కామిషిబాయి కథల్లో అతని మూలం ఉంది. మిజుకి 1960లో అద్దె పుస్తకాల కోసం గీశారు, 1965లో 'షోనెన్ మ్యాగజైన్' అనే పిల్లల మాంగా పత్రికకు వెళ్లారు, 1968లో టీవీ యానిమే (బొమ్మల సీరియల్) వచ్చింది. కితారో తండ్రి కనుగుడ్డు రూపంలో టీ గిన్నెలో స్నానం చేస్తాడు. కితారో స్నేహితుడు నెజుమి ఒతోకో సగం మనిషి, సగం యోకాయ్, డబ్బు కోసం కితారోనే అమ్మేస్తాడు, మళ్లీ తిరిగొస్తాడు. అతన్ని విలన్ అనుకుని చదవకండి, మిజుకికి బాగా ఇష్టమైన పాత్ర అతనే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, కితారో కంటే ముందు 'నోన్‌నోన్‌బా' చదవండి. చిన్నప్పుడు తనకు యోకాయ్ కథలు చెప్పిన ముసలావిడ గురించి మిజుకి గీసిన పుస్తకం, 2007లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఉత్సవంలో ఉత్తమ ఆల్బమ్ బహుమతి అందుకుంది. ఇంటి పైకప్పు మీద మరకలు తెంజోనామె అనే యోకాయ్ రాత్రి వచ్చి నాకడం వల్ల పడ్డాయని ఆవిడ ఆ పిల్లాడికి చెప్పేదట. తర్వాత కితారో. ఇంగ్లీషులో రెండూ కెనడాకు చెందిన డ్రాన్ అండ్ క్వార్టర్లీ సంస్థ వేసింది. కితారో చిన్న చిన్న కథలే, వరస పట్టించుకోకుండా ఏ సంపుటమైనా తీయొచ్చు. రోజుకు ఒక్క కథ చాలు.