నీలం టిక్కులు మనకెవరు నేర్పారు?

శ్రోతలకు నమస్కారం.

వాట్సాప్‌లో మెసేజ్ పంపగానే ఒక బూడిదరంగు టిక్కు పడుతుంది, అవతలి ఫోనుకు చేరితే రెండు, చదివితే ఆ రెండూ నీలం. నీలం వచ్చింది 2014 నవంబరులో. ఏ మాస్టారూ బోర్డు మీద రాసి చెప్పలేదు, చదవడానికీ నీలానికీ పోలికా లేదు, అయినా ఇవాళ ఊళ్లో పెద్దవాళ్లు కూడా "చూశాడు, బదులివ్వలేదు" అని అలుగుతున్నారు! మొదట్లో మనమే ఫోన్ చేసి "చేరిందా, చూశావా" అని అడిగేవాళ్లం కదా, అలా నాలుగైదుసార్లు సరిపోయేసరికి అర్థం దానంతటదే కుదురుకుంది.

అంటే బొమ్మలో పోలిక ఉండాలని రూలేం లేదు. ప్రతిసారీ ఒకే గుర్తు, దాని వెంట ఒకే ఫలితం, అది చాలు. పాతకాలంలో కంప్యూటర్ ఫైళ్లు దాచుకున్న ఫ్లాపీ డిస్కును ఎన్నడూ చూడని పిల్లలు సేవ్ కోసం ఆ ఫ్లాపీ బొమ్మనే తడుముకోకుండా నొక్కడం లేదూ?

ఇంకా ముచ్చటైన కథ ఆసుపత్రి చెత్త సంచుల మీద ఉంటుంది. ఒక వలయం, దాని మీద కొమ్ముల్లా విచ్చుకున్న మూడు వంపులు, అదే రోగక్రిముల్లాంటి ముప్పు ఉందని హెచ్చరించే జీవ ప్రమాద చిహ్నం. 1966లో అమెరికాలో డౌ కెమికల్ సంస్థలో చార్లెస్ బాల్డ్విన్ వగైరా దీన్ని తయారుచేసినప్పుడు కావాలనే ఏ అర్థమూ తట్టని బొమ్మ కోసం వెతికారు. రకరకాల గుర్తులు జనానికి చూపించి ఇదేమిటో ఊహించమన్నారు, వారం తర్వాత మళ్లీ చూపించి ఏది గుర్తుందో అడిగారు, అందరికంటే తక్కువ అర్థం తట్టి, అన్నిటికంటే బాగా గుర్తుండిపోయింది ఇదే. ముందే ఏదో అర్థం ఉంటే దాన్ని చెరిపి కొత్తది నేర్పాలి, ఖాళీగా ఉంటే నేరుగా నేర్పొచ్చు. పైగా డబ్బాను ఎటు తిప్పి పెట్టినా ఒకేలా కనిపిస్తుంది.

కానీ వాళ్లు నేర్పే బాధ్యత నెత్తినేసుకున్నారు. మన యాప్‌ల వాళ్లు అది వదిలేసి, ఉన్న పేరు కాస్తా తీసేసి బొమ్మ మాత్రం మిగులుస్తారు, అది చాలదన్నట్టు అప్‌డేట్ పేరుతో చోటు మార్చేస్తారు. అదే నాకు ఒళ్లు మండేది.

ఊళ్లో ఉన్న మా పిన్నికి ఫోన్‌లో చెప్తుంటాను: "పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కు పిన్నీ." "చుక్కల్లేవురా, మూడు గీతలున్నాయి." "సరే అదే నొక్కు, లోపల పళ్లచక్రం ఉంటుంది." "చక్రం లేదు, పువ్వుంది, అదేనా?" అదే! ఆ మూడు గీతలు 1981లో జిరాక్స్ కంపెనీ వాళ్ల స్టార్ అనే కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీసినవి, విప్పితే వచ్చే జాబితాలా కనబడాలని ఆయన ఉద్దేశం, ఆ సంగతి పిన్నికి అక్కర్లేదు. గీతల కింద "మెనూ" అనీ, పువ్వు కింద "సెట్టింగ్స్" అనీ తెలుగు అక్షరాల్లో ఉంటే, ఆమె చదివి నొక్కేస్తుంది, నాకు ఫోనే చేయదు. స్క్రీన్ మీద చోటు లేదంటారు గానీ, అడుగున ప్రకటనకు మాత్రం బోలెడు చోటు దొరుకుతుంది.