సీసా కొనే ముందు ఒక్క చుక్క రక్తం

ప్రిన్సిపాల్ మేడమ్‌కి, లెక్చరర్లకి, కూలి మానుకుని, షాపులు కట్టేసి వచ్చిన తల్లిదండ్రులందరికీ నమస్కారం. జ్ఞాపకశక్తి పెంచే ఆహారం, టానిక్‌ల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ పదకొండేళ్లుగా నా మనసులో ఉండిపోయిన సంగతి ఒకటుంది. ముందు అది చెప్పాలి.

తెనాలిలో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపాను. జనవరి వస్తే చాలు, ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు వరసకట్టేవాళ్లు. "చదివింది గుర్తుండట్లేదండీ, మంచి టానిక్ ఇవ్వండి" అని. బ్రాహ్మి సిరప్, జింకో అనే చెట్టు ఆకులతో చేసే మాత్రలు, ఒమేగా క్యాప్సూల్స్ కౌంటర్ మీద కళ్లెదుటే ఉంచేవాణ్ణి.

అలా ఒక ఏడాది ఒకావిడ వచ్చింది. మిర్చి కోతలకి వెళ్లే మనిషి. కూతురు బైపీసీ రెండో ఏడాది. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్, ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే తల వాలిపోతోందట. కొంగు ముడి విప్పి, చెమటకి మెత్తబడిన నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. సిరప్ ధర ఆవిడ రెండు రోజుల కూలి. నెల తిరక్కుండా రెండో సీసా కొన్నది.

మూడోసారి అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. మా షాపుకి మూడే మెట్లు. ఆ మూడు మెట్లెక్కి ఆ పిల్ల ఆయాసంతో కౌంటర్ పట్టుకుని నిలబడింది. చిల్లర కోసం డ్రెస్ జేబులో చెయ్యి పెడితే రూపాయి బిళ్లలతో పాటు రెండు బలపం ముక్కలు కింద పడ్డాయి. వాటి మీద పంటి గాట్లు. "ఇంటర్ చదివే పిల్లవి, బలపాలెందుకమ్మా?" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. "తింటుందండీ, ఎంత కొట్టినా మానదు. బియ్యం డబ్బా కూడా దాచేస్తున్నాను" అంది తల్లి.

కింది రెప్ప లాగి చూశాను. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉంది. వెంటనే ప్రభుత్వాసుపత్రికి పంపించాను. హిమోగ్లోబిన్ 7.4. ఆ వయసు అమ్మాయికి 12 ఉండాలి.

రెండు నెలలు నేను సిరప్ అమ్మాను. "అమ్మాయిని ఒకసారి తీసుకురామ్మా" అని మొదటి రోజే అనలేదు. డాక్టర్ ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు గానీ పరీక్షల నాటికి కోలుకునేంత వ్యవధి లేకపోయింది. ఫిజిక్స్ పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆ రెండు నెలలు నా వల్ల పోయాయి. అందుకే ఎవరు పిలిచినా ఈ ఒక్క మాట చెప్పడానికి వెళ్తున్నాను.

అమ్మలూ, ఒక్కటి అడుగుతాను. మీ పిల్ల బలపాలో, పచ్చి బియ్యమో, మట్టో తింటుంటే దయచేసి కొట్టకండి. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము తగ్గిందని చెప్పే గుర్తు. మన బరువులో మెదడు నూటికి రెండు వంతులే, కానీ ఒంటికి అందే శక్తిలో దాదాపు ఐదో వంతు అదే వాడుకుంటుంది. దానికి ప్రాణవాయువు మోసుకెళ్లేది రక్తం. ఆ రక్తమే పలచబడితే ఏ టానిక్ ఏం చేస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఒకసారి ఈ హాలు చూడండి. సగానికి పైనే అన్నమాట.

ఆ అమ్మాయికి బడిలో వారం వారం నీలం రంగు మాత్ర ఇచ్చేవారు, ఐరన్, ఫోలిక్ యాసిడ్‌ది. ఫ్రీగా. తను కుళాయి వెనక పారేసేదట. కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా వస్తోందని భయం. ఐరన్ వేసుకుంటే నల్లగానే వస్తుంది, భయపడకండి. అన్నం తిన్నాక వేసుకోండి. ఆ పూట టీ తాగొద్దు, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ పచ్చడి కలుపుకున్నా బాగా పడుతుంది. అసలు మాంసం, గుడ్డు, పాలు ముట్టని ఇళ్లలో బి12 విటమిన్ కూడా పరీక్ష చేయించుకోండి, అది తగ్గినా మతిమరుపు, నీరసం వస్తాయి.

మరి బ్రాహ్మి సంగతేమిటంటారా? అది ఉత్తదే అని నేననను. మన పెరట్లో పెరిగే సరస్వతి ఆకునీ బ్రాహ్మి అంటారు, నీటి అంచున పెరిగే సాంబ్రాణి ఆకునీ బ్రాహ్మి అంటారు. రెండూ వేర్వేరు మొక్కలు. రెండో దాని మీద జరిగిన పరీక్షల్లో కొంత ఫలితం కనిపించింది, అదీ దాదాపు మూడు నెలలు రోజూ వాడితే. ఫిబ్రవరిలో సీసా కొని మార్చిలో మార్కులు రావాలంటే ఎలా? జింకో అయితే అమెరికాలో మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లకి ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. మతిమరుపు జబ్బుని ఆపలేదని 2008లో తేల్చారు. హెల్త్ సప్లిమెంట్ డబ్బా తిప్పి చూడండి, 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ఉంటుంది. అంటే మందుగా వాడేది కాదని. అది ఉండాల్సిందేనని రూలు.

మేడమ్, టైమ్ అయిందంటున్నారు, ఒక్క నిమిషం. హాస్టల్ నడిపేవాళ్లు కూడా ఉన్నారు కదా ఇక్కడ. ఈ వయసు పిల్లలకి ఎనిమిది గంటల నిద్ర కావాలి. చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. రాత్రి పదకొండున్నర దాకా కూర్చోబెట్టి, నాలుగున్నరకి బెల్ కొట్టి, మధ్యలో కాఫీలు పోస్తే ఎలాగండీ? తాగిన కాఫీలో కెఫీన్ ఐదు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. పదింటికి లైట్లు ఆపేయండి, చేతులెత్తి అడుగుతున్నాను.

బాదం పప్పుల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. మీ పిల్లల హిమోగ్లోబిన్ చూడ్డానికి వెనక గదిలో ల్యాబ్ టెక్నీషియన్ గారు వచ్చి కూర్చున్నారు. ముందు వరస అమ్మాయిలూ, లేవండమ్మా. పొద్దున టిఫిన్ తిన్నామని ఆగొద్దు, ఈ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు.