స్నైమన్‌ల ఇంటి మొదటి మనిషి ఎవరు?

అక్క: నమస్కారం, అందరూ బాగున్నారా? అనుకున్నట్టే ఈ వారం జీతాల పద్దులు. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడెక్కి దక్షిణాఫ్రికా కేప్‌లో దిగి, అక్కడే పొలం పట్టి, పిల్లల్ని కని, ఇవాళ వేలమందికి ఇంటిపేరుగా మిగిలిన మూలపురుషుడు ఏ ఓడలో వచ్చాడో ఎలా పట్టుకోవాలి అన్నది విషయం. స్నైమన్ అనే ఇంటిపేరున్న కేప్ కుటుంబం మన ఉదాహరణ.

తమ్ముడు: అంతకంటే ముందు బాప్తిస్మం సాక్షులు చూడాలక్కా.

అక్క: ముందు పద్దులు చెప్పరా. సాక్షులు ఎటూ వస్తారు.

తమ్ముడు: సరే, గబగబా చెప్పేస్తా. ఈ పుస్తకాలు హేగ్‌లో నెదర్లాండ్స్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1700 నుంచి కంపెనీ మూతపడేదాకా దాదాపు వరసగా దొరుకుతాయి. పేర్ల సూచీ ఆన్‌లైన్లో ఉచితం. ఓడ ప్రయాణానికో పుస్తకం, ఎక్కిన ప్రతి మనిషికీ అందులో ఒక ఖాతా. పైన పేరు, సొంతూరు, ఉద్యోగం, నెల జీతం. మామూలు సైనికుడైతే నెలకి 9 గిల్డర్లు, ఐదేళ్ళ ఒప్పందం. ఓడెక్కే ముందు రెండు నెలల జీతం అడ్వాన్సు. కింద ఒక పక్క సంపాదన, ఇంకో పక్క బాకీ.

అక్క: వంశం వెతికేవాళ్ళు బాకీ పక్క చూడాలి.

తమ్ముడు: అవును. ఏడాదిలో మూడు నెలల జీతం దాకా ఇంటికి రాసివ్వొచ్చు. తల్లికో, పెళ్ళానికో. ఆ పేరు దొరికితే జర్మనీలోనో డెన్మార్కులోనో ఏ ఊరి చర్చి రిజిస్టరు తెరవాలో తెలిసిపోతుంది. కానీ దాని పక్కనే అప్పుపత్రం కూడా ఉంటుంది, 150 గిల్డర్ల దాకా. అది ఓడ బయల్దేరేవరకు తిండీ పడకా చూసిన సత్రంవాళ్ళ చేతికి పోయేది, వాళ్ళు ఇంకొకళ్ళకి అమ్మేసుకునేవాళ్ళు. ఆ పేరు చూసి మేనమామ అనుకుని చెట్టులో ఎక్కించకండి.

అక్క: పేరు దొరక్కపోతే?

తమ్ముడు: గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, ఊరి పేరు కూడా అంతే. అందుకని ఇంటిపేరు వదిలేసి చిన్నపేరు, ఓడ, సంవత్సరం పెట్టి వెతకాలి. ఖాతా చివర ఉద్యోగం ఎప్పుడు ముగిసిందో, ఎందుకు ముగిసిందో ఉంటుంది: చనిపోయాడు, తిరిగెళ్ళాడు, కేప్‌లో ఉండిపోయాడు. 1723లో తిరిగెళ్ళినవాడికి 1726లో కేప్‌లో బిడ్డ పుట్టిందంటే మీరు తప్పు మనిషి ఖాతా చూస్తున్నారు, లేకపోతే అతను ఇంకో ఓడలో మళ్ళీ వచ్చాడు. రెండో ఖాతా దొరికేదాకా ఎర్ర సిరా, అంటే ఇంకా రుజువు కాలేదని గుర్తు.

అక్క: ఎర్ర సిరా. ఇంకోటి, తారీఖులు. హాలండ్ 1583కే కొత్త క్యాలెండరుకి మారిపోయింది. జర్మనీ ప్రొటెస్టెంట్ రాజ్యాలు మారింది 1700లో. అంతకుముందు పుట్టినవాడి తారీఖు రెండు చోట్లా పది రోజులు తేడా వస్తే అది తప్పు కాదు, అతను వేరే మనిషి కూడా కాదు. సరే, ఇవన్నీ పట్టుకుని స్నైమన్‌ల దగ్గరికి వెళ్దాం.

తమ్ముడు: స్నైమన్‌లకి పద్దులు పనికిరావక్కా. ఆ ఇంటిపేరు మొదలైన క్రిస్టోఫెల్ స్నైమన్ బాప్తిస్మం 1669 మార్చి 9న. తండ్రిగా చెప్పే సైనికుడు వచ్చింది అంతకు ముందు. ఆ కాలం పద్దులు చెదురుమదురుగానే మిగిలాయి. అతని కోసం కేప్‌లోనే వెతకాలి, సైనికుల హాజరు పట్టీలు, కోర్టు కాగితాలు.

అక్క: అందుకే తెచ్చాను. ఆ ఇంటికి మొదటి మనిషి అతను కాడు. ఆమె. మన పులికాట్ కాత్రీన్.

తమ్ముడు: మన?

అక్క: రికార్డులో ఖ్రోటే కాత్రీన్ ఫాన్ పాలియాకట్టే, అంటే పులికాట్ పెద్ద కాత్రీన్. 1656లో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఆమెకి మరణశిక్ష పడింది. తీర్పులో వయసు సుమారు 25. క్లాస్ అనే మలబారు బానిస ఆమెని కొట్టాడు, ఆమె తిరగబడింది, అతను చచ్చిపోయాడు. శిక్ష తగ్గించి జీవితాంతం కేప్‌లో ఉండమని పంపేశారు. 1657లో దిగింది. కేప్‌లో కంపెనీ స్థావరం పెట్టిన వాన్ రీబెక్ వచ్చి అప్పటికి ఐదేళ్ళు. కోటలో కమాండర్ల బట్టలు ఉతికింది. 1668లో బాప్తిస్మం, మరుసటేడు కొడుకు క్రిస్టోఫెల్. 1671లో ఆంథనీ యాన్స్ అనే బెంగాల్ నుంచి వచ్చిన స్వతంత్రుడితో పెళ్ళి. బటావియా నుంచి కేప్ దాకా ఆమె మీద కాగితం ఉంది. ఆ సైనికుడి మీద ఏముంది?

తమ్ముడు: హాన్స్ క్రిస్టోఫెల్ స్నైమన్. కాపలా వదిలిపెట్టి రాత్రి కాత్రీన్ దగ్గరికి వెళ్ళాడని కోర్టు శిక్ష వేసింది. బిడ్డ చిన్నపేరు అతనిదే, ఇంటిపేరు కూడా అతనిదే. చాలదా?

అక్క: అది నువ్వు పోగేసిన సాక్ష్యం. పెళ్ళిలేని బిడ్డ అది. తల్లి మాత్రం నేరుగా కాగితం మీద ఉంది. మరి వంశ పట్టీలో ఎ1 ఎవరికి ఇస్తావు?

తమ్ముడు: వినేవాళ్ళకి ఒక్క మాట. కేప్ కుటుంబాలకి డి విలియర్స్, పామా అంకెల పద్ధతి వాడతారు. మూలపురుషుడు ఎ1, అతని పిల్లలు బి1, బి2, బి3, మనవలు సి. బి3సి5 అంటే మూడో బిడ్డకి ఐదో బిడ్డ. పుట్టిన వరసలోనే లెక్క. మధ్యలో ఒక బిడ్డ కొత్తగా బయటపడితే కింద అందరి అంకెలూ మారతాయి, అందుకే అంకె పక్కన బాప్తిస్మం తారీఖు లేకుండా ఎవరికీ పంపకూడదు.

అక్క: జవాబు చెప్పు.

తమ్ముడు: మగవాళ్ళ వరస పద్ధతి అది. వెనక్కి వెళ్తే రుజువైన చివరి మగవాడు క్రిస్టోఫెల్, కాబట్టి అతనికే ఎ1. పైన హాన్స్ ఎర్ర సిరాలో.

అక్క: కాత్రీన్?

తమ్ముడు: తల్లి పేరుగా రాస్తాం కదా.

అక్క: చూడు, ఇదే నాకు బాధ. సముద్రాలు దాటించి అమ్మేశారు, చావు శిక్ష వేశారు, బతికి బయటపడి ఒక ఇంటిని నిలబెట్టింది. ఆమె ఒక గడిలో "తల్లి" అన్న మాట దగ్గర ఆగిపోవాలా? ఆమె కొడుకు 1690లో మార్గరెత్ డి సవోయ్‌ని చేసుకున్నాడు. ఆ పిల్ల తండ్రి జాక్ డి సవోయ్, 1688లో ఓస్టర్‌లాండ్ ఓడలో వచ్చిన హ్యూగనాట్ వర్తకుడు, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్. స్నైమన్‌లు అందరూ ఆ ఇద్దరి పిల్లలే. అంటే వాళ్ళ నాయనమ్మ పులికాట్ మనిషి.

తమ్ముడు: ఆమె గొప్పదనం మీద నాకు పేచీ లేదక్కా. "మన" అన్నదాని మీద ఉంది. ఆమె తెలుగావిడ అని నువ్వు తేల్చేస్తున్నావు.

అక్క: పులికాట్ సరస్సు ఎక్కువ భాగం మన వైపే. సూళ్లూరుపేట, శ్రీహరికోట ఒడ్డు. 1646 దాకా అక్కడ చంద్రగిరి రాయల పాలన. డచ్చివాళ్ళతో వ్యాపారం నడిపింది మలయ చెట్టి, చిన్నన్న చెట్టి, తెలుగు బలిజలు. నేతగాళ్ళలో ఎంతమంది తెలుగువాళ్ళు!

తమ్ముడు: వ్యాపారం చేసినవాళ్ళు తెలుగువాళ్ళు. అమ్ముడైనవాళ్ళు ఎవరు? అక్కడ ఖెల్డ్రియా కోట 1613లో కట్టారు, 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ మొత్తానికి వాళ్ళ కేంద్రం అదే. తీరం మీద ఎక్కడ కొన్నా సరుకూ మనుషులూ అక్కడికి చేరేవాళ్ళు. దక్షిణాన తంజావూరు వైపు నుంచి కూడా, ఇప్పటి మయన్మార్‌లోని అరకాన్ నుంచి కూడా బానిసల్ని తెచ్చారు. బానిస పేరు వెనకున్న ఊరు చాలాసార్లు ఓడెక్కించిన రేవు. పుట్టిన ఊరే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. తమిళావిడ కావచ్చు. తెలుగావిడా కావచ్చు.

అక్క: తేలకపోతే తెలుగు అవకాశం కొట్టేయడం దేనికి?

తమ్ముడు: కొట్టేయలేదు. ఎర్ర సిరా.

అక్క: డీఎన్‌ఏ చేస్తే?

తమ్ముడు: చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నిదానంగా వినండి. తల్లి వైపు మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూతుళ్ళ ద్వారానే కిందికి దిగుతుంది. కాత్రీన్‌ది క్రిస్టోఫెల్ దాకా వచ్చి అక్కడితో ఆగిపోయింది. అతని పిల్లలకి వచ్చింది మార్గరెత్‌ది. కాబట్టి స్నైమన్‌లు ఎవరు ఆ పరీక్ష చేయించుకున్నా, ఈ వరసలో కాత్రీన్ దొరకదు.

అక్క: బెంగాల్ నుంచి కేప్‌కి బానిసగా వచ్చిన ఆన్సెలా బెంగాలే సంగతి వేరు.

తమ్ముడు: వేరు. ఆమెకి 1666లో విముక్తి, 1669లో ఆర్నోల్డస్ బాసన్‌తో పెళ్ళి. అంతకుముందే అన్నా డి కోనింగ్ అనే కూతురు ఉంది. అక్కడ తల్లి, కూతురు, మనవరాలు అని ఆడవాళ్ళ వరస తెగకుండా వచ్చినవాళ్ళు దొరికితే పరీక్షకి అర్థం ఉంది. స్నైమన్‌లకి పనికొచ్చేది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమ్. అది కాత్రీన్ గురించి ఏమీ చెప్పదు, హాన్స్ గురించి చెబుతుంది. క్రిస్టోఫెల్ ఇద్దరు వేర్వేరు కొడుకుల సంతతి నుంచి ఒక్కో మగవాణ్ణి తీసుకోవాలి, కనీసం 37 గుర్తులు పోల్చాలి. కలిస్తే క్రిస్టోఫెల్ వై ఏదో తెలిసినట్టు. అక్కడి నుంచి జర్మనీలో హాన్స్ రక్తసంబంధీకుల మగ వరసతో కలిస్తేనే తండ్రి రుజువు.

అక్క: మామూలు పరీక్ష, లాలాజలం పంపేది?

తమ్ముడు: పదకొండు తరాలు వెనక్కి వెళ్తే ఒక్కో పూర్వీకురాలి వాటా సగటున 2,048లో ఒక వంతు. కొందరికి ఒక్క ముక్క కూడా మిగలదు. పైగా కేప్‌లో దాయాదుల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువ, బెంగాల్ నుంచి, మలబారు నుంచి వచ్చిన అమ్మమ్మలు వేరే గీతల్లోనూ ఉంటారు. దక్షిణాసియా ఒక శాతం అని వస్తే అది ఎవరిదో ఎలా విడదీస్తావు? తెలుగా తమిళమా అన్నది అసలే తేలదు.

అక్క: కాగితమే గతి.

తమ్ముడు: కాగితమే. కేప్‌లో చర్చి రిజిస్టరు 1665లో మొదలైంది, పాస్టరు వాన్ ఆర్కెల్ వచ్చాక. అంతకుముందు దారిలో ఆగిన ఓడల పాస్టర్లు బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, అవి కావాలంటే కోట దినచర్య పుస్తకం చూడాలి. స్టెల్లెన్‌బాష్ చర్చి 1686లో, డ్రాకెన్‌స్టైన్ చర్చి 1691లో మొదలయ్యాయి, వాటి రిజిస్టర్లు వేరు. ఒక ఇంటి పిల్లలు మూడు రిజిస్టర్లలో పడొచ్చు. ఒక్క చోట చూసి ఇద్దరే పిల్లలనుకుంటారు. ఇక సాక్షులు...

అక్క: చెప్పు. ఇప్పుడు చెప్పు.

తమ్ముడు: పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు. అంచేత ఒకే జిల్లాలో ఒకే ఈడు క్రిస్టోఫెల్ స్నైమన్‌లు నలుగురు ఉంటారు, అందరూ దాయాదులే. తేడా పట్టించేది సాక్షులే. ఎవరి పేరు పెట్టారో వాళ్ళే ఎక్కువగా సాక్షిగా నిలబడతారు. ప్రతి బిడ్డకీ సాక్షుల్ని ఒక వరసలో రాసుకోండి, ఏ అత్త, ఏ బాబాయి మళ్ళీమళ్ళీ వస్తున్నారో చూడండి. సూచీ చూసేవాళ్ళకి ఇవి కనపడవు. చాలా సూచీల్లో బిడ్డ, తల్లి, తండ్రి అంతే. రిజిస్టరు బొమ్మ తెరవాల్సిందే.

అక్క: 1834 తర్వాత మరణ ప్రకటనలు ఉన్నాయి కదా, తల్లిదండ్రుల పేర్లతో.

తమ్ముడు: కేప్‌టౌన్ రోలండ్ వీధి ఆర్కైవ్స్‌లో, ఎంఓఓసీ 6/9 అనే దస్త్రాల వరస. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆర్కైవ్స్ ఆన్‌లైన్ సూచీ అయిన నాయిర్స్‌లో కేఏబీ, అంటే కేప్‌టౌన్ ఆర్కైవ్స్, ఎంచుకుని, ఇంటిపేరు కొట్టి అక్కడి నుంచి వెనక్కి రావడం మంచి పద్ధతే. కానీ కింద సంతకం ముందు చూడండి. పెళ్ళామో కొడుకో అయితే తల్లిదండ్రుల పేర్లు నమ్మొచ్చు. పక్క పొలం ఆసామి అయితే అతను విన్నది చెప్పాడు. ఆ పేర్లు బాప్తిస్మంతో కలిసేదాకా...

అక్క: ఎర్ర సిరా. ఇంకా వెనక్కి వెళ్తే ఎంఓఓసీ 8, అనాథల పర్యవేక్షణ సంస్థ ఆస్తి జాబితాలు. మైనరు పిల్లలుండగా ఇంట్లో ఒకరు పోతే, మిగిలినవాళ్ళు మళ్ళీ పెళ్ళికి ముందు పిల్లల వాటా తేల్చాలి. జాబితాలో మొదట వారసుల పేర్లు, వయసులు. తర్వాత గది గదికీ సామాను. మంచాలు, రాగి గిన్నెలు, తర్వాత గొర్రెలు, ఎద్దులు. ఆ వరసలోనే మనుషులు కూడా. బెంగాల్ నుంచి ఒకరు, కోరమాండల్ నుంచి ఒకరు, పక్కనే ధర.

తమ్ముడు: అవునక్కా.

అక్క: స్నైమన్‌ల చెట్టు రాసేవాళ్ళు ఆ పేర్లు కూడా రాసుకోవాలని నా మాట. వాళ్ళ వారసులు కూడా వెతుక్కుంటున్నారు. చాలామందికి చర్చి రిజిస్టరులో ఉండేది ఒకే ఒక్క గీత. యజమాని ఇంటి జాబితాలో దొరికిన పేరు వాళ్ళకి మిగిలిన ఏకైక ఆనవాలు కావచ్చు.

తమ్ముడు: దానికి ఒక గడి పెట్టొచ్చు. పేరు, వెనకున్న ఊరు, జాబితా తారీఖు, యజమాని. వరసగా రెండు మూడు జాబితాలు కలిపితే అదే మనిషి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో కనపడుతుంది. వేలం పట్టీలు ఎంఓఓసీ 10, కొన్నవాడి పేరు అక్కడ ఉంటుంది.

అక్క: అలాగే కాత్రీన్‌ని ఎ1 చెయ్యి.

తమ్ముడు: కుదరదు. వేరే పట్టీ వెయ్యి, ఆడవాళ్ళ వరసతో. నేను అంకెలు వేసిస్తా.

అక్క: ఆమెకి ఉన్నది ఒక్క కొడుకు, ఆడవాళ్ళ వరస ఎక్కడుంది?

తమ్ముడు: తెలిసినంతవరకు ఒక్కడే. 1671 పెళ్ళి తర్వాత బాప్తిస్మాలు మళ్ళీ చూడాలి, తల్లిగా మాత్రమే కాదు, సాక్షిగా కూడా. ఆమె ఎవరి పిల్లలకి నిలబడిందో తెలిస్తే ఆమె చుట్టూ ఎవరున్నారో తెలుస్తుంది.

అక్క: అది మంచి మాట. 1665 నుంచి 1695 దాకా రిజిస్టరు అచ్చురూపంలో ఆన్‌లైన్లో ఉంది, దక్షిణాఫ్రికా వంశావళి సంఘంవాళ్ళు పెట్టారు. కాత్రీన్, కత్రీనా, కతరీనా, మూడు రకాలుగానూ వెతకాలి. ఊరు పాలియాకట్టే అనీ ఉంటుంది, ఉత్త "తీరం" అనీ ఉంటుంది.

తమ్ముడు: పెద్ద కాత్రీన్ అన్నారంటే వేరే కాత్రీన్‌లు ఉన్నారనే కదా, కలిపేయకండి. వింటున్నవాళ్ళలో ఎవరైనా చూస్తే బొమ్మ పంపండి, అచ్చు కాపీ వద్దు. పేజీ అంచులు కూడా కనపడాలి.

అక్క: అంచుల్లో ఏముంటుందో వచ్చే వారం చెప్తాడు. నేను ఎ1 సంగతి వదల్లేదు.

తమ్ముడు: వదలవని తెలుసు. ఉంటామండీ.