బ్లూయీ ట్రస్కాట్ మరణాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకుందాం

సభకు నమస్కారం.

మన క్రికెట్ అభిమానులందరికీ తెలిసిన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే 1940 సెప్టెంబరులో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. కోలగా ఉండే బంతి, జట్టుకు 18 మంది, ఒళ్లు హూనమయ్యే ఆట. ఆ రోజు మెల్‌బోర్న్ జట్టు రిచ్‌మండ్‌ను ఓడించింది. గెలిచినవాళ్లలో ఎర్రజుట్టు కీత్ ట్రస్కాట్ ఉన్నాడు. ఊరంతా బ్లూయీ అని పిలిచేది. అప్పటికే వైమానిక దళంలో చేరి, సెలవు మీద వచ్చి ఆడాడు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఆ జట్టులోని రాన్ బరాసీ మరుసటి ఏడాది ఉత్తర ఆఫ్రికా రణరంగం టోబ్రూక్‌లో చనిపోయాడు. హెరాల్డ్ బాల్ 1942లో సింగపూర్‌లో చనిపోయాడు.

ట్రస్కాట్‌కు విమానం దించడం ఓ పట్టాన పట్టుబడలేదు. నేల ఇంకా కింద ఉండగానే వచ్చేసిందనుకునేవాడు. ఎత్తు అంచనాలో ఆ తడబాటు ఉన్నా, 452 స్క్వాడ్రన్ అనే వైమానిక దళ విభాగంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నడిపి 1941లో పదికి పైగా శత్రు విమానాలు కూల్చాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే శౌర్య పతకం రెండుసార్లు వచ్చింది. 1942 మేలో స్వదేశానికి తిరిగొచ్చి పాత జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడాడు, మళ్లీ రిచ్‌మండ్ మీదే.

ఆ ఆగస్టులో న్యూగినీ దీవి, పాపువాలోని మిల్న్ బేలో జపాన్ సేనతో పోరు. ఎడతెగని వాన, బురద. ఇనుప రేకులు పరిచిన రన్‌వే మీద కిట్టీహాక్ యుద్ధవిమానాలు జారిపోయేవి. 76 స్క్వాడ్రన్ నాయకుడు పీటర్ టర్న్‌బుల్ చనిపోతే బాధ్యత ట్రస్కాట్ అందుకున్నాడు. జపాన్ సేన చివరికి వెనుదిరిగింది.

ఇన్నిటిలో బతికి బయటపడ్డ మనిషి 1943 మార్చి 28న పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో, ఎక్స్‌మౌత్ గల్ఫ్ మీద పోయాడు. తాము కాపుగా వెళ్లిన కాటలీనా అనే, నీటి మీద దిగే స్వపక్ష విమానం మీదికి సాధన కోసం దాడి చేసినట్టు దూకాడు. ఆ రోజు నీటి మీద అల లేదు, ముడత లేదు. అలాంటప్పుడు నీరెక్కడుందో కంటికి ఆనదు. విమానం నేరుగా సముద్రాన్ని ఢీకొంది. అతనికి 26 ఏళ్లు.

సాధనలో పోయాడంటే గౌరవం తగ్గుతుందని కొందరు మొహమాటపడతారు. నాకది సరి కాదనిపిస్తుంది. సాధన చేయని పైలట్ యుద్ధానికి పనికిరాడు, ఆ సాధనలోనూ ప్రాణాలు పోతాయి. మెల్‌బోర్న్ క్లబ్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ ఇప్పటికీ ట్రస్కాట్ పేరు మీదే ఉంది. దాన్ని అందుకునే ప్రతి కుర్రాడికీ మిల్న్ బేతో పాటు ఆ సముద్రం సంగతి కూడా చెప్పాలి.