మనోంగ్ అంటే అన్న

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దనాన్న కొడుకు ఒకాయన పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి వచ్చాడు. ఆయన కబుర్లలో ఫిలిప్పీన్స్ వాళ్లు తరచూ వస్తుంటారు. క్యాంపులో పక్క గదిలోనే ఉండేవాళ్లట. వాళ్లు చేపలు వేయిస్తే ఆ వాసనకే వీళ్లకు ఆకలేసేదట. "వాళ్లూ మనలాగే రా. పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవరు. కూయా అంటారు. అంటే అన్న అని" అని చెప్పేవాడు.

చాలా ఏళ్ల తర్వాత అమెరికా వ్యవసాయ కూలీల చరిత్ర చదువుతుంటే అలాంటి మాటే ఇంకొకటి కనబడింది. మనోంగ్. ఫిలిప్పీన్స్‌లో ఉత్తరాన ఇలోకోస్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఇలొకానో భాషలో మనోంగ్ అంటే అన్న. తమ్ముణ్ణయినా చెల్లెల్నయినా ఆడింగ్ అంటారు. 1920ల్లో, 30ల్లో కాలిఫోర్నియా తోటల్లో కూలికి వెళ్లిన ఫిలిప్పీన్స్ కుర్రాళ్లను, వాళ్లు పండు ముసలివాళ్లయ్యాక కూడా, వాళ్ల జనం మనోంగ్‌లు అనే పిలిచేవారు. డెబ్బై ఏళ్లొచ్చినా అన్నే. నాకైతే అందులో ఒక దిగులు వినిపిస్తుంది. వాళ్లలో చాలామందికి పెళ్లిళ్లు కాలేదు. తాత అని పిలిచే మనవలు ఎక్కణ్ణుంచి వస్తారు?

ఈ పూట ఆ అన్నల్లో ఒకాయన గురించి చెబుతాను. పేరు ఫిలిప్ వెరా క్రూజ్.

1904లో, సరిగ్గా క్రిస్మస్ రోజున, ఇలోకోస్ సూర్‌లోని సావాంగ్ అనే పల్లెలో పుట్టాడు. అప్పటికి ఫిలిప్పీన్స్ అమెరికా చేతిలో ఉంది. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా దాన్ని తీసుకుంది. అందుకని అక్కడివాళ్లు అమెరికా వెళ్లాలంటే ఆ రోజుల్లో అడ్డు లేదు. పౌరసత్వం మాత్రం లేదు. అటు పౌరులూ కారు, ఇటు పరాయి దేశస్థులూ కారు. 'నేషనల్స్' అనేవాళ్లు. బడిలో చెప్పేది ఇంగ్లీషు చదువు, పుస్తకాల నిండా అమెరికా గొప్పలు. అక్కడికి వెళ్తే పని చేసుకుంటూ చదువుకోవచ్చని కుర్రాళ్లందరికీ ఆశ. ఫిలిప్ కూడా 1926లో ఆ ఆశతోనే ఓడెక్కాడు.

వాషింగ్టన్ రాష్ట్రంలో చెక్క పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. తర్వాత హోటళ్లలో గిన్నెలు కడగడం, వడ్డించడం. స్పొకేన్‌లోని గొంజాగా విశ్వవిద్యాలయంలో చేరాడు కానీ ఏడాది దాటి చదవలేకపోయాడు. ఎందుకంటే జీతంలో ఒక భాగం సావాంగ్‌కు పంపాలి. ఇంట్లో తమ్ముడు ఉన్నాడు, చెల్లెలు ఉంది, వాళ్ల చదువులున్నాయి. ఈ లెక్క మన నిజామాబాద్ జిల్లాలో, జగిత్యాల జిల్లాలో, కడప పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పంపేవాడి చదువు ఆగిపోతుంది, ఇంటి దగ్గర పిల్లల చదువు సాగుతుంది. ఆ తమ్ముడు లాయరయ్యాడు. అన్న షికాగోలో ప్లేట్లు మోశాడు.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో, సైన్యంలోకి రమ్మని పిలుపొచ్చింది. వయసు మీరిందని మళ్లీ వాళ్లే వదిలేసి, పొలాల్లో పని చేయమన్నారు. అలా కాలిఫోర్నియాలోని సాన్ వాకీన్ లోయకు, డెలానో అనే చిన్న ఊరికి చేరాడు. ద్రాక్ష తోటల ఊరు.

ఇక్కడ కాస్త నిలబడి ఆ తోటలోకి చూద్దాం. మనం పండుగా తినే ద్రాక్ష ఉంటుందే, దాని వెనకాల ఏడాది పొడుగునా పని. చలికాలంలో తీగ కత్తిరింపు. గుత్తి కట్టాక గిల్లి పలచన చేయడం. మధ్యలో ఇంకొక పని ఉంది. తీగ మొదట్లో బెరడును ఉంగరంలా సన్నగా ఒలిచేస్తారు. ఆకులు తయారుచేసిన తిండి వేళ్లకు దిగదు, పైనే ఆగిపోతుంది, కాయ లావెక్కుతుంది. చెప్పడానికి ఎంత తేలికో చూడండి. చేసేవాడు తీగ కింద మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, చిన్న కత్తితో చుట్టూ గీసుకుంటూ ఒక్కో మొక్కా దాటాలి. కత్తి లోతుగా దిగితే మొక్క దెబ్బతింటుంది. పైనుంచి ఆకుల మీద చల్లిన గంధకం పొడి కళ్లల్లో పడుతుంది. డెలానోలో ఎండాకాలం మన రామగుండం ఎండలకేమీ తీసిపోదు. ఈ పనిలో ఫిలిప్పీన్స్ వాళ్లది అందెవేసిన చెయ్యి.

పని చేసేది బృందాలుగా. మేస్త్రీ కూడా సొంత మనిషే, ఒక్కోసారి సొంత ఊరివాడే. రైతు తన తోటలోనే క్యాంపు వేస్తాడు. రైతు అనగానే రెండెకరాల మనిషిని ఊహించుకోకండి, ఆ లోయలో వేల ఎకరాల ఆసాములున్నారు. క్యాంపు అంటే రేకుల షెడ్డు, వరసగా మంచాలు, ఒక వంటగది. పంట కోత అయ్యాక ఇంకో చోట ఇంకో క్యాంపు. ఇరవయ్యేళ్లు, ముప్పయ్యేళ్లు అలాగే. చాలామందికి అదే ఇల్లు. వేరే ఇల్లు ఎందుకు కట్టుకోలేదంటారా? అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఫిలిప్పీన్స్ వాడు తెల్లజాతి అమ్మాయిని పెళ్లాడకూడదు. 1933లో ఒక కోర్టు ఆ చట్టం వాళ్లకు వర్తించదంటే, వర్తించేలా చట్టాన్నే సవరించారు. 1948 దాకా అదే పరిస్థితి. తమ దేశపు ఆడవాళ్లు అక్కడ బహు తక్కువ. 1934లో వచ్చిన ఇంకో చట్టం ఫిలిప్పీన్స్ నుంచి ఏడాదికి 50 మందే రావాలని తలుపు మూసేసింది. ఇక పెళ్లెక్కడ, సంసారమెక్కడ?

ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. వాళ్లకు అమెరికా పౌరసత్వం తీసుకునే దారి తెరిచింది 1946 నాటి చట్టం. అదే చట్టం, అదే కాగితం మీద, భారతీయులకు కూడా ఆ దారి తెరిచింది. ఏడాదికి 100 మంది ఫిలిప్పీన్స్ వాళ్లు, 100 మంది మనవాళ్లు. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సిటిజెన్‌షిప్ ప్రమాణం చేసే తెలుగువాడికి ఈ మనోంగ్‌లతో ఆ పాటి చుట్టరికం ఉంది.

సరే, అసలు సంగతికొద్దాం. 1935లో అమెరికాలో రెండు పెద్ద చట్టాలు వచ్చాయి. ఒకటి కార్మికులకు యూనియన్ హక్కు ఇచ్చింది, ఒకటి ముసలితనంలో పింఛను ఏర్పాటు చేసింది. రెండింటిలోనూ పొలం కూలీని బయటే ఉంచారు. ఆ ఖాళీ ముప్పయ్యేళ్ల తర్వాత ఈ మనోంగ్‌ల నెత్తిన పడింది. 1965 నాటికి వాళ్లు యాభైలు దాటి అరవైల్లోకి వస్తున్నారు. నడుములు వంగిపోయాయి. చేతిలో దాచిందేమీ లేదు.

ఆ ఏడు సెప్టెంబరు 8న డెలానోలోని ఫిలిపినో హాల్లో కూలీలు సమావేశమై సమ్మె అన్నారు. గంటకు 1 డాలర్ 40 సెంట్లు, పెట్టెకు 25 సెంట్లు ఇవ్వాలని అడిగారు. ముందు నిలబడినవాడు లారీ ఇట్లియోంగ్, గట్టి మనిషి, చేతికి మూడు వేళ్లు లేవు. ఫిలిప్ వెరా క్రూజ్‌కు అప్పటికి 60 ఏళ్లు. మన దగ్గరైతే రిటైర్‌మెంట్ సన్మానం చేసి శాలువా కప్పే వయసు. ఆయన ప్రజాజీవితం మొదలైంది అక్కడ.

ఆసాములు మొదట చేసిన పనేమిటో తెలుసా? క్యాంపుల్లో కరెంటు తీసేశారు, గ్యాస్ ఆపేశారు, నీళ్లు కట్టేశారు. సామాను బయట పడేశారు. ఇరవయ్యేళ్లు పడుకున్న మంచం ఒక్క పూటలో తనది కాకుండా పోయింది. ముసలాళ్లు ఫిలిపినో హాల్‌కు చేరారు. అక్కడే పొయ్యి వెలిగించారు. అంతకుముందు ఫిలిప్పీన్స్ వాళ్లు సమ్మె చేస్తే మెక్సికో వాళ్లను, మెక్సికో వాళ్లు చేస్తే వీళ్లను దింపి విరగ్గొట్టడం ఆసాములకు అలవాటు. ఈసారి ఇట్లియోంగ్ వెళ్లి మెక్సికన్ కూలీల నాయకుడు సీజర్ చావెజ్‌ను కలిసి రమ్మని అడిగాడు. సెప్టెంబరు 16న మెక్సికన్ కూలీల సంఘం కూడా సమ్మెలోకి వచ్చింది. రెండు జాతుల వాళ్లూ అదే హాల్లో, అదే వంట తిన్నారు. నన్నడిగితే ఆ సమ్మెలో సగం గెలుపు ఆ వంటగదిదే.

సమ్మె అయిదేళ్లు నడిచింది. డెలానో ద్రాక్ష కొనవద్దని దేశమంతా ప్రచారం జరిగి, 1970 జూలైలో ఆసాములు సంతకాలు పెట్టారు. ఈ కథ చావెజ్ పేరుతో ప్రపంచానికి తెలుసు. మొదట పని ఆపినవాళ్లు మనోంగ్‌లన్న సంగతి చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

గెలిచాక ఏమైందో కూడా చెప్పాలి. పని ఎవరికివ్వాలో ఇప్పుడు మేస్త్రీ చేతిలో లేదు, రెండు సంఘాలూ కలిసి ఏర్పడిన యూనియన్ హాలు చేతిలో ఉంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ దశాబ్దాలుగా కలిసి పని చేసిన ఫిలిప్పీన్స్ బృందాలు చెదిరిపోయాయి. ఒకణ్ణి ఈ తోటకు, ఇంకొకణ్ణి ఆ తోటకు పంపేవాళ్లు. కుటుంబం లేనివాడికి ఆ బృందమే కుటుంబం కదా. 1971లో ఇట్లియోంగ్ యూనియన్ వదిలేసి వెళ్లిపోయాడు. వెరా క్రూజ్ ఉండిపోయాడు. ఉపాధ్యక్షుడిగా ఉంటూ, నాయకత్వంలోని తప్పుల్ని లోపలే ఉండి అడిగేవాడు. ఉద్యమం ముఖ్యం, నాయకుడు దాని తర్వాతే అన్నది ఆయన మాట.

ఆయన మనసు పెట్టిన పని వేరే ఉంది. పని చేయలేని ఈ ముసలివాళ్లు ఎక్కడ పడుకోవాలి? పట్నంలో లాడ్జి గది అద్దె కట్టలేరు. క్యాంపు పోయింది. సోషల్ వర్క్ అంటే మనకు ఎం.ఎస్.డబ్ల్యూ. పట్టా, ఆఫీసు, ఫైళ్లు గుర్తొస్తాయి. ఈయన దగ్గర పట్టా లేదు. ఎవరికి ఏం కావాలో మాత్రం తెలుసు, తనూ ఆ మంచాల మీద పడుకున్నవాడే కనక.

డెలానో పక్కనే ఫార్టీ ఏకర్స్ అని యూనియన్ స్థలం ఉంది. అక్కడ మనోంగ్‌ల కోసం ఇళ్లు కట్టాలన్నారు. ఎక్కడెక్కడి నుంచో వేలమంది వచ్చి ఊరికే పని చేశారు. విద్యార్థులు, చర్చి వాళ్లు, ఇతర యూనియన్ల వాళ్లు, అక్కడే పుట్టి పెరిగిన ఫిలిప్పీన్స్ పిల్లలు. ఆ పిల్లల్లో కొందరికి మనోంగ్ అన్న మాటకు అర్థం తెలిసింది ఆ ఇటుకలు మోసేటప్పుడే అయ్యుంటుందని నా ఊహ. 1974లో తలుపులు తెరిచారు. అరవైకి కాస్త తక్కువ గదులు, ఎర్ర పెంకుల కప్పు, మధ్యలో ఆవరణ, అందరూ కూర్చుని తినే వంటశాల. ఎవరి గది వాళ్లకే. వరస మంచాల మీద నలభయ్యేళ్లు పడుకున్నవాడికి తలుపు మూసుకునే గది ఒకటి దొరికిందంటే ఏమిటో ఆలోచించండి. అయినా తలుపు తీస్తే ఎదురుగా పాత నేస్తాలే. ఒంటరిగా వదలకుండా ఒంటిగది ఇవ్వడం, అదీ ఆ కట్టడంలోని తెలివి.

దానికి పౌలో అగ్బయానీ పేరు పెట్టారు, అగ్బయానీ విలేజ్ అని. ఆయన నాయకుడేమీ కాదు. 1967లో తోట ముందు పికెటింగ్ చేస్తూ గుండె ఆగి చనిపోయిన ఒక కూలీ.

మా అన్నకు ఫోన్‌లో ఇదంతా చెబుతుంటే ఇక్కడికొచ్చేసరికి ఆపాడు. "మరి అందులో ఆయనకు గది దొరికిందా?" అని అడిగాడు. గల్ఫ్‌లో చేసినవాడికి ముందు ఆ ప్రశ్నే వస్తుంది కాబోలు.

వెరా క్రూజ్ దారి వేరేగా వెళ్లింది. 1977లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం పిలిస్తే చావెజ్ ఆ దేశం వెళ్లాడు. అక్కడ అప్పుడు మార్షల్ లా, అంటే సైనిక శాసనం. యూనియన్ వాళ్లను జైళ్లలో పెట్టిన మనిషి అతిథిగా యూనియన్ నాయకుడు వెళ్లడమేమిటని వెరా క్రూజ్ ఎదురు నిలబడ్డాడు. ఆ ఏడే రాజీనామా చేశాడు. 73వ ఏట, పన్నెండేళ్ల పని వదులుకుని బయటికొచ్చాడు. ఆ తర్వాత బేకర్స్‌ఫీల్డ్‌లో ఉన్నాడు. కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చి పాత సంగతులు అడిగి రాసుకునేవారు. యూనియన్ సిటీ అనే ఊళ్లో ఇప్పుడు ఒక బడికి ఇట్లియోంగ్ పేరూ, వెరా క్రూజ్ పేరూ కలిపి పెట్టారు. అది ఆయన చూడలేదు.

మార్కోస్ పోయాక, 1980ల చివర్లో, ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఒక అవార్డు ఇస్తామని పిలిచింది. అధ్యక్షురాలు కొరజాన్ అకినో. 1926లో ఓడెక్కినవాడు ఆరు దశాబ్దాలు దాటాక అప్పుడే మొదటిసారి ఇంటికెళ్లాడు. డబ్బు పంపించి చదివించిన తోబుట్టువులు ముసలివాళ్లయిపోయారు. ఉండిపోలేదు. తిరిగి కాలిఫోర్నియాకే వచ్చేశాడు. 1994 జూన్‌లో, 89 ఏళ్ల వయసులో, బేకర్స్‌ఫీల్డ్‌లో కన్నుమూశాడు.

మా అన్న అంతా విని కాసేపు మాట్లాడలేదు. ఆ పక్క గది ఫిలిప్పీన్స్ ఆయన పేరేమిటి అని ఈసారి నేనే అడిగాను. పద్దెనిమిదేళ్లలో ఏడేళ్లు పక్క పక్కనే ఉన్నారట. చాలాసేపు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. "పేరు ఎప్పుడూ అనలేదురా," అన్నాడు. "కూయా అనేవాళ్లం."

సెలవు.