ఒక ట్రాక్, రెండు నాలుగో స్థానాలు

అందరికీ నమస్కారం. జర్నలిజం చదువుతున్న పిల్లలకు స్పోర్ట్స్ పేజీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. క్రికెట్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను కార్ రేసుల గురించి చెబుతాను.

కొత్తగా వచ్చిన డ్రైవర్‌కి మీడియా ఎంత బిల్డప్ ఇస్తుందో చూడాలంటే 2005లో అమెరికాలోని ఇండియానాపొలిస్ ట్రాక్ ఒక్కటి చాలు. ఆ ఏడాది మే 29న అక్కడ జరిగిన ఇండీ 500 రేసులో డానికా పాట్రిక్ అనే 23 ఏళ్ల అమ్మాయి నాలుగో స్థానంలో వచ్చింది. సరిగ్గా మూడు వారాలకు, జూన్ 19న, అదే ఆవరణలో ఫార్ములా వన్ రేసు జరిగింది. అందులో మన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ కూడా నాలుగో స్థానంలోనే వచ్చాడు. ఆ పోటీల్లో ఇద్దరికీ అది మొదటి సీజన్. ఫలితాల పట్టికలో ఇద్దరి పక్కనా అదే అంకె. కానీ ఆ రెండు నాలుగులకూ పొంతనే లేదు.

ముందు డానికా సంగతి. ఇండీ 500 అంటే నాలుగు కిలోమీటర్ల ట్రాక్ మీద 200 చుట్లు. సగం దూరం కూడా కాకముందే పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఇంధనం, టైర్ల కోసం ఆగే చోట, ఆమె కారు ఇంజన్ ఆగిపోయింది, ముందువాళ్లలో ఉన్న మనిషి బాగా వెనక్కి పడిపోయింది. 155వ చుట్టు దగ్గర, నెమ్మదిగా నడిపిస్తున్న రేసుకు మళ్లీ పచ్చజెండా ఊపకముందే, కారు గిర్రున తిరిగి వేరే కార్లకు తగిలింది. ముందు రెక్క విరిగితే పిట్‌లో మార్చి పంపారు. ఆ తర్వాత మిగతావాళ్లు ఇంధనం కోసం ఆగినా ఆమె జట్టు ఆమెను ట్రాక్ మీదే ఉంచింది. ఆ ఎత్తుగడ పారింది. ఇంకో పది చుట్లలో రేసు అయిపోతుందనగా డాన్ వెల్డన్ అనే డ్రైవర్‌ని దాటి మొదటి స్థానంలోకి వచ్చింది. స్టాండ్స్‌లో జనం లేచి నిలబడి అరిచారు. 194వ చుట్టులో వెల్డన్ మళ్లీ దాటేశాడు. ట్యాంకులో ఉన్నది చివరిదాకా సరిపోవాలంటే ఆమె వేగం తగ్గించుకోక తప్పదు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముందుకెళ్లిపోయారు.

స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రం మీద ఎవరి ఫొటో పడిందంటారా? నాలుగో స్థానంలో వచ్చిన డానికాదే. గెలిచిన వెల్డన్ ఆ తర్వాత ‘ఇండీ 500 నిజానికి గెలిచింది నేనే’ అని రాసి ఉన్న టీషర్టు వేసుకొచ్చాడు. నాకు అతనికన్నా విటోర్ మీరాని చూస్తేనే జాలి. డానికా జట్టువాడే, రెండో స్థానంలో వచ్చాడు. అతని పేరు ఎవరు రాశారు?

అలాగని అది ఉత్త ప్రచారం అనలేం. ఆ రేసులో 19 చుట్లు ఆమే ముందుంది. అంతకుముందు ఏ మహిళా అక్కడ ఒక్క చుట్టు కూడా ముందున్నది లేదు. గోల పెరిగేకొద్దీ ఆమె బరువు మీద కూడా వివాదం లేచింది. 45 కిలోల మనిషి కారు తేలిక కాబట్టి తాను పోటీ చేయనని రాబీ గోర్డన్ అనే డ్రైవర్ అన్నాడు. ఇక ఆ తర్వాత ప్రతి రేసుకీ ఒకటే ప్రశ్న, ఎప్పుడు గెలుస్తావని. 2008 ఏప్రిల్‌లో జపాన్‌లోని మోటెగిలో గెలిచింది. ఎలాగనుకున్నారు? మిగతావాళ్ల ట్యాంకులు ఖాళీ అవుతుంటే తను ఇంధనం పొదుపుగా వాడి.

ఇప్పుడు మన నారాయణ్. ఆ ఫార్ములా వన్ రేసుకు వచ్చిన కార్లు 20. శుక్రవారం ప్రాక్టీసులో రాల్ఫ్ షూమాకర్ అనే డ్రైవర్ టైరు దెబ్బతిని, వాలుగా ఉన్న ఒక మలుపులో గోడకు గుద్దుకున్నాడు. ఆ వాలు మలుపులో తమ టైర్లు రేసంతా తట్టుకుంటాయని మిషెలిన్ కంపెనీ భరోసా ఇవ్వలేకపోయింది. ఆదివారం ఫార్మేషన్ ల్యాప్, అంటే రేసుకు ముందు నెమ్మదిగా వేసే చుట్టు, అవగానే మిషెలిన్ టైర్ల కార్లు 14 నేరుగా పిట్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలినవి ఆరు. ఆ ఆరింట్లో నాలుగోవాడు నారాయణ్, అతని జోర్డాన్ జట్టువాడే అయిన మొంటీరో మూడోవాడు. టికెట్ కొన్న జనం తిట్టారు, ట్రాక్ మీదకు సీసాలు విసిరారు. మన దేశానికి మాత్రం ఫార్ములా వన్‌లో మొదటి పాయింట్లు, ఐదు, అలా వచ్చాయి.

నన్నడిగితే ఆ ఏడాది నారాయణ్ గురించి పెద్దక్షరాల్లో వేయాల్సిన వార్త మార్చిలోనే వచ్చింది. మెల్‌బోర్న్‌లో మొట్టమొదటి రేసుకు క్వాలిఫయింగ్‌లో, అంటే ఎవరు ఎన్నో స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీలో, జోర్డాన్ లాంటి వెనకబడ్డ కారుతో 12వ స్థానం తెచ్చుకున్నాడు. అసలు పనితనం అక్కడుంది. కానీ ‘పన్నెండు’ అంటే హెడ్డింగ్ ఎక్కడ పండుతుంది?

మనకు క్రికెట్ అలవాటు. సెంచరీ కొడితే అది కొట్టినవాడిదే, బ్యాట్ ఏ కంపెనీదో అడగం. రేసులో ఆ లెక్క కుదరదు. కారు, టైరు, ట్యాంకు, పిట్‌లో మనుషులు, ఇవన్నీ కలిస్తేనే ఆ అంకె. అయినా హైప్‌ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. కొత్త డ్రైవర్‌కి సీటు ఊరికే రాదు, స్పాన్సర్లు కావాలి. నారాయణ్ వెనక టాటా ఉండేది. పేరు పేపర్లో పడకపోతే స్పాన్సర్ ఎందుకు నిలబడతాడు? మనం రాసే గోల వాళ్లకూ అవసరమే.

ఇప్పుడైతే ఆ గోల ఫోన్లలోకి వచ్చేసింది. ఫార్ములా వన్ కుర్రాడు కిమీ ఆంటొనెల్లిని చూడండి. 18 నిండిన ఐదు రోజులకు, 2024 ఆగస్టు 30న, సొంత దేశం ఇటలీలో మోంజా ట్రాక్ మీద మెర్సిడెస్ కారుతో ప్రాక్టీసుకు దిగాడు. కొద్ది నిమిషాల్లోనే గోడకు గుద్దేశాడు. మర్నాడే తమ డ్రైవర్ హామిల్టన్ సీటు ఇక అతనిదని జట్టు ప్రకటించింది. ఏడాది తిరిగాక, 2025 నవంబర్ 30న ఖతార్‌లో, అతనూ నాలుగో స్థానంలోనే ఉన్నాడు. ఆఖరి చుట్టుకు ముందు కారు కాస్త జారింది, నోరిస్ అనే డ్రైవర్ దాటేశాడు. టైటిల్ కోసం నోరిస్, వెర్‌స్టాపెన్ కొట్టుకుంటున్న సమయం. ఆంటొనెల్లి కావాలనే నోరిస్‌కి దారి ఇచ్చాడని వెర్‌స్టాపెన్ జట్టు రెడ్ బుల్ వాళ్లు అనేశారు. రాత్రికి రాత్రి ఆ 19 ఏళ్ల కుర్రాడికి చంపేస్తామనే మెసేజ్‌లు కూడా వచ్చాయి. మర్నాడు రెడ్ బుల్ తమ మాట తప్పని ఒప్పుకుంటూ ప్రకటన ఇచ్చింది. కారు అదుపు తప్పినట్టు రీప్లేలో కనబడుతోందని అందులో రాశారు. ఆ రీప్లే చూసే వీలు ముందురోజు రాత్రి కూడా ఉంది.

ఇక మీరు అడగండి.