చేతిలో పట్టే ఈసీజీ మిషన్: మా అమ్మ ఆరు నెలలు వాడాక నా రివ్యూ

అందరికీ నమస్తే. నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఛానల్లో ఎప్పుడూ మిక్సీలు, కూలర్లు, ఇన్వర్టర్లే కదా, ఈసారి గుండె మీద పడ్డాను. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నా చూడండి. నా రెండు వేళ్లంత వెడల్పు, పైన రెండు స్టీలు పలకలు, లోపల నాణెం లాంటి బ్యాటరీ, అంతే. దీన్ని టేబుల్ మీద పెట్టి, కుడిచేతి వేళ్లు ఒక పలక మీద, ఎడమచేతి వేళ్లు ఇంకో పలక మీద ఆనించి 30 సెకన్లు కదలకుండా కూర్చుంటే ఫోన్లో ఈసీజీ గీత, అంటే గుండె కొట్టుకునే తీరు చూపించే గీత, వస్తుంది.

స్పాన్సరా అని కింద అడుగుతారు, నాకు తెలుసు. కాదు, సొంత డబ్బులే, ఏడు వేల పైచిలుకు పడింది. కంపెనీ పేరు కూడా చెప్పట్లేదు, ఎందుకంటే ఇది ఒక కంపెనీ గురించి కాదు, ఈ రకం వస్తువు గురించి. ఈ రకాన్ని జనంలోకి తెచ్చింది అలైవ్‌కోర్ అనే అమెరికా కంపెనీ, 2012లో అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది. తర్వాత చాలామంది చేశారు.

ఎందుకు కొన్నానో చెప్తా. మా అమ్మ కొండమల్లేపల్లి దగ్గర ఊళ్లోనే ఉంటుంది, బత్తాయి తోట వదిలి నల్గొండ రమ్మంటే రాదు. పోయిన ఏడాది నుంచి ఉన్నట్టుండి గుండె దడ అనేది. "లోపల కోడిపిల్ల కొట్టుకున్నట్టు ఉంటుంది బిడ్డా" అని ఆమె మాట. సరే అని ఆటో మాట్లాడుకొని, బస్సెక్కి నల్గొండ వచ్చేసరికి రెండు గంటలు. అప్పటికి దడ లేదు, ఏం లేదు. ఈసీజీ తీస్తే నార్మల్. ఆసుపత్రిలో తీసే ఈసీజీ పట్టుకునేది పది సెకన్ల గుండెనే, ఆ పది సెకన్లలో దొంగ దొరకాలి, లేకపోతే లేదు. రెండోసారి కూడా అదే కథ. మూడోసారి డాక్టరు 24 గంటలు ఒంటికి వైర్లు పెట్టే హోల్టర్ రాశారు, ఆ ఒక్క రోజూ దడ రాలేదు, ఆ మర్నాడు మాత్రం వచ్చింది. అమ్మకైతే సిగ్గేసింది, అబద్ధం చెప్పినట్టు అనుకుంటారేమో అని. నాకూ లోపల ఒక మూల "ఊరికే టెన్షనేమో" అనిపించింది, ఒప్పుకుంటున్నా.

మొదటి రోజు ఈ మిషన్ పని చేయలేదు. చేయలేదంటే, చేసింది, కానీ ప్రతిసారీ "అన్‌రీడబుల్", అంటే గీత చదవలేకపోతున్నా అని చూపించింది. ఏడు వేలు పోయినయ్ అనుకున్నా. తర్వాత చూస్తే తప్పు దానిది కాదు. అమ్మ వేళ్లు ఎట్లా ఉంటాయంటే, పత్తి ఏరి, గడ్డి కోసి, కొసలన్నీ కాయలు కాచి ఎండిపోయి ఉంటాయి, కరెంటు దాటదు. గుండె కొట్టుకున్నప్పుడు చర్మం దాకా వచ్చే కరెంటు ఒక మిల్లీవోల్టు అటూ ఇటూ, అంత చిన్నది. నీళ్లలో వేళ్లు ముంచి తుడిచీ తుడవనట్టు పెట్టమన్నా, గీత టకటకా వచ్చేసింది.

ఇక్కడొకటి చెప్పాలనిపిస్తుంది. ఈసీజీని పనికొచ్చేలా చేసిన హాలండ్ శాస్త్రవేత్త ఐంతోవెన్, ఆయన మిషన్ రెండున్నర క్వింటాళ్లకు పైనే బరువు, దాన్ని నడపడానికి ఐదుగురు కావాలి, రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చోవాలి. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. వందేళ్ల తర్వాత అంతా జేబులోకి వచ్చింది గానీ, తడి మాత్రం ఇంకా కావాల్సిందే.

ఇంకో తంటా, ఫోను చార్జింగులో పెట్టి తీస్తే గీత మొత్తం రంపం పళ్లలా వస్తుంది, మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ అందులో కలుస్తుంది. చార్జర్ తీసేయండి. చేతులు గాల్లో పెట్టొద్దు, టేబుల్ మీదో తొడ మీదో ఆనించాలి, లేకపోతే కండరాల వణుకు కూడా గుండెలాగే గీస్తుంది. మాట్లాడొద్దు. మా అమ్మకు అన్నిటికంటే కష్టమైంది ఇదే, 30 సెకన్లు. ఇరవయ్యో సెకనుకు "అయిపోయిందారా?" అంటుంది, గీత ఎగిరిపడుతుంది, మళ్లీ మొదటికి.

మూడో నెలలో దొరికింది. తెల్లవారుజామున నాలుగింటికి ఫోను. దడ వచ్చిందట, ఆమే లేచి చెంబులో వేళ్లు ముంచుకొని, చెల్లెలి కొడుకును లేపి తీయించుకుంది. వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది నాకు. గుండె వేగం నిమిషానికి 140 పైన. నాకు ఈసీజీ చదవడం రాదు, కానీ ఒకటి కనిపించింది, ఎత్తుకూ ఎత్తుకూ మధ్య ఖాళీలు ఏ రెండూ ఒకలా లేవు. కొత్తగా డప్పు నేర్చుకునేవాడు కొట్టినట్టు. యాప్ "ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు" అని రాసింది. అప్పటికి ఆయాసం, నొప్పి ఏమీ లేవని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాకే తెల్లారేదాకా ఆగాం.

పొద్దున డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె యాప్ రాసిన మాట వైపు చూడనే లేదు. పీడీఎఫ్ పెద్దది చేసి గీతలు తనే లెక్కబెట్టింది. ఇది నాకు బాగా నచ్చింది. తర్వాత మామూలు ఈసీజీ, గుండె కవాటాలు చూడటానికి ఎకో, థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ ఎక్కువైనా ఇట్లా అవుతుందట. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే ఇదే, గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి, రక్తం అక్కడ నిలిచి గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు ఐదింతలు. అమ్మకు ఇప్పుడు రక్తం పలచబడే గోలీలు, వేగం తగ్గించే గోలీ నడుస్తున్నాయి. అంటే ఏడు వేలు పెట్టి నేను కొన్నది వైద్యం కాదు, సాక్ష్యం.

ఇంతవరకు మెచ్చుకున్నా. ఇప్పుడు అసలు సంగతి, వీడియో ఇక్కడ ఆపి ఇంట్లోవాళ్లను పిలిచి చూపించినా సరే.

పోయిన నెల హాలియా నుంచి మా బాబాయి వాళ్లింట్లో ఫోను. బాబాయికి ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి గుంజుతుంది, చెమటలు. గ్యాస్ అనుకొని సోడా తాగించారు, ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ గోలీ ఇచ్చాడు, తగ్గలేదు. పిన్ని నన్ను అడిగింది ఏంటో తెలుసా? "నీ దగ్గర ఆ మిషన్ ఉంది కదా, పట్టుకొని రా, ఒకసారి చూద్దాం." నేను చూపించి చూపించి, చెప్పి చెప్పి, ఆ మిషన్ మీద వాళ్లకు అంత నమ్మకం పెట్టేశాను, తప్పు నాది. 108కి ఫోన్ చేయమని అరిచాను, నిజంగానే అరిచాను. గుండెపోటే, గుండె రక్తనాళం మూసుకుపోయింది, స్టెంట్ వేశారు, బాబాయి బాగున్నాడు.

నేను మిషన్ పట్టుకొని పోయి ఉంటే? "నార్మల్" అని చూపించే అవకాశం చాలా ఉంది. ఎందుకంటే ఇది కుడిచేతికీ ఎడమచేతికీ మధ్య ఒక్క కోణంలోనే గుండెను చూస్తుంది. ఆసుపత్రిలో పది చోట్ల అతికించి పన్నెండు కోణాల్లో చూస్తారు. ముందు గుమ్మంలో నిలబడ్డవాడికి వెనక గోడ కూలిన సంగతి ఎట్లా తెలుస్తుంది? మోకాలికో మడమకో కూడా ఆనించి ఆరు కోణాలు చూపించేవి 2019 నుంచి వచ్చాయి, అవి ఇంకొంచెం నయం, కానీ గుండెపోటు విషయంలో వాటినీ నమ్మొద్దు. "నార్మల్" అంటే ఆ 30 సెకన్లు లయ బాగుందని మాత్రమే. నాళాల గురించి అది ఏమీ చెప్పలేదు. నొప్పి, చెమట, ఆయాసం ఉంటే ఈ డబ్బా తెరవొద్దు, 108 చేయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే కొనండి.

సరే, ఇంట్లో పెట్టుకునే మిగతా మిషన్ల సంగతి కూడా చెప్తా, ముందు బీపీ మిషన్. మీకు ఒకటే కొనే డబ్బులుంటే, దడ సమస్య లేకుంటే, ఈసీజీ వద్దు, ఇదే కొనండి. రెండు వేల చుట్టుపక్కల మంచిది వస్తుంది. చేతి మణికట్టుకు కట్టేది మాత్రం కొనకండి, నేను మొదట కొన్నది అదే. అమ్మ దాన్ని కట్టుకొని చెయ్యి ఒళ్లో పెట్టుకొని నొక్కింది, 160 చూపించింది, ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. మణికట్టు గుండెకు పది సెంటీమీటర్లు కిందుంటే రీడింగ్ ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది, ఒళ్లో పెడితే ఇంకా ఎక్కువ. పైగా భయానికి ఇంకో పది. దండ చేతికి చుట్టేది తీసుకోండి, పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని ఏదో రాసి ఉంటుంది, టేపుతో చెయ్యి కొలిచి చూసుకోండి. పట్టీ చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది.

చూసుకునే పద్ధతి: బాత్రూంకు పోయి వచ్చి, టీ తాగి అరగంట దాటాక, కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. నిమిషం తేడాతో రెండుసార్లు. ఆసుపత్రిలో 140/90 దాటితే ఎక్కువంటారు కదా, ఇంట్లో చూసుకుంటే ఆ గీత 135/85, ఎందుకంటే డాక్టరు ముందు కూర్చుంటే చాలామందికి కొంచెం పెరుగుతుంది. అమ్మలాగా గుండె లయ తప్పేవాళ్లకు ఈ మిషన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, మూడుసార్లు చూసి సగటు తీయాలి.

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి వేలికి పెట్టే ఆక్సీమీటర్ గురించి పెద్దగా చెప్పను. 2021లో కరోనా రెండో అలప్పుడు నేను కొన్నది, కంపెనీ పేరు కూడా లేనిది, స్కెచ్ పెన్నుకు పెట్టినా 97 చూపించింది. అసలు సూత్రం మంచిదే, జపాన్‌లో 1974లో అయోయాగి అనే ఇంజనీర్ కనిపెట్టారు, ఎర్ర కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి వేలిలోంచి పంపి రక్తం ఏది ఎంత పీల్చుకుందో చూస్తుంది. చల్లబడ్డ వేళ్లకు, గోళ్ల రంగు ఉన్న వేళ్లకు తప్పు చూపించొచ్చు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో పడిపోయిన ఆక్సిజన్‌ను కూడా బాగానే ఉందన్నట్టు చూపించొచ్చని 2020లో అమెరికా పరిశోధనలో తేలింది, మన ఎండలకు కమిలిన చేతులున్నవాళ్లం గుర్తుపెట్టుకోవాలి. మనిషి ఎగపోస్తుంటే అంకె చూస్తూ కూర్చోవద్దు.

వాచీల సంగతి చాలామంది అడిగారు. వాచీ ఈసీజీ నిజంగా తీయాలంటే రెండో చేతి వేలితో దాన్ని ముట్టుకోవాలి, అప్పుడే కరెంటు చుట్టు పూర్తవుతుంది. ముట్టుకోకుండానే "ఈసీజీ" అని గీత గీస్తుంటే అది కింద పచ్చలైటుతో చూసిన నాడికి వేసిన బొమ్మ. జడ్చర్లలో మా ఫ్రెండ్ చేతికున్న పదిహేను వందల వాచీ సరిగ్గా అదే, వాడికి చెప్తే నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కొనేటప్పుడు డబ్బా మీద తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు ఉందా చూడండి. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. ఈసీజీ వాటికి యాప్‌లో ఏది ఉచితం, దేనికి నెలనెలా డబ్బులు అడుగుతారు, అది కూడా ముందే చూసుకోండి, పీడీఎఫ్ పంపడానికే డబ్బులడిగితే దాన్ని తీసుకొని ఏం చేస్తాం.

చివరికి ఒక చిన్న కష్టం. ఇప్పుడు ఊళ్లో సాయంత్రమైతే మా అరుగు మీద నలుగురైదుగురు కూర్చుంటున్నారు, "నాది కూడా ఒకసారి చూడక్కా" అని. అమ్మ కాదనదు, చెంబు పక్కనే పెట్టుకొని ఒక్కొక్కరి వేళ్లు తడిపి తీస్తుంది, నాకు తెలియకుండా. అన్నీ ఆమె పేరు మీదనే ఎక్కాయి. మొన్న డాక్టరమ్మ ఫైలు తెరిచి, గుండె వేగం ఒకరోజు 58, పావుగంటకే 96, మళ్లీ 70 చూసి, నా మొహం చూసింది. యాప్‌లో ఒక్కొక్కరికీ వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, మొదటి రోజే పెట్టండి. నేనిప్పుడు తేదీలు పట్టుకొని అమ్మకు ఫోన్ చేసి, ఆ రోజు అరుగు మీద ఎవరెవరు కూర్చున్నారో అడుగుతూ ఒక్కొక్కటే తీసేస్తున్నా, ఇంకా మూడు మిగిలాయి, అవి ఎవరి గుండెలో ఆమెకూ గుర్తులేదు.